నెలపొడుపుకు అడ్డంగా ఫంక్షన్ హాలు

నిరుడు రంజాన్‌కు ముందు సాయంత్రం మా డాబా మీద అంతమంది నిలబడి ఉండగా, చంద్రుడు మా బాపు ఒక్కడికే కనిపించాడు. అందరికీ కనిపించినా, ఎవరికీ కనిపించకపోయినా మా ఇంట్లో ఏ గొడవా ఉండేది కాదు. ఒక్కడికే కనిపించడమే ఏడాది పొడుగునా మా ప్రాణం తీసింది.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. రంజాన్‌కు ముందు వచ్చే నెలలో ఇరవై తొమ్మిదో రోజు పొద్దుగూకగానే పడమట నెలవంక కోసం చూస్తాం. కనిపిస్తే మర్నాటి నుంచి రోజాలు, అంటే ఉపవాసాలు. కనిపించకపోతే ఇంకొక రోజు ఆగాలి. పంచాంగంలో ఉంది కదా, ఫోన్‌లో ఉంది కదా అంటే కుదరదు. కళ్ళతో చూసిన మనిషి నిలబడి "నేను చూసిన" అనాలి.

మా వీధిలో ఈ చూడటం మా డాబా మీదే జరుగుతుంది. మసీదు పైన నీళ్ళ ట్యాంకులూ సోలార్ పలకలూ పెట్టాక అక్కడి నుంచి పడమర కనిపించదు. మా ఇల్లు పాతదే అయినా కాస్త ఎత్తు మీద ఉంటుంది. సాయంత్రం నమాజు కాగానే పెద్దమనుషులు చెప్పులు కింద విడిచి మా మెట్లెక్కుతారు. ఎక్కి, వాళ్ళు చూసేది ముందు ఆకాశాన్ని కాదు, మా బాపును. బాపు నోటి నుంచి "అగో" అనే మాట వచ్చాకే మిగతావాళ్ళ వేళ్ళు లేచేవి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అంతే. ఎవరు పెట్టిన నియమమూ కాదు, అలా అలవాటైపోయింది.

బాపు చిన్నప్పుడే పాలకుర్తి దిక్కు పల్లె నుంచి వరంగల్ వచ్చాడు. గింజల బజారులో ఒక ఆడ్తి దుకాణంలో కాంటా మీద పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాడు. మా ఇంట్లో తెలుగే. నమాజు అరబ్బీలో చదివినా, అల్లాకు మొర పెట్టుకునేటప్పుడు మాత్రం బాపు తెలుగులోనే పెట్టుకుంటాడు. చంద్రుణ్ణి చూడటంలో ఆయనకొక పద్ధతి ఉంది. డాబా ఎక్కగానే పైకి చూడడు. కాసేపు కళ్ళు మూసుకుని నిలబడతాడు. తర్వాత సూర్యుడు దిగిన చోటు నుంచి నెమ్మదిగా పైకి, అటూ ఇటూ చూపు తిప్పుతాడు. "చూపు ఒక్కకాడ నిలవెడితె చంద్రుడు దొరుకడు బిడ్డా, చూపు నడువాలె" అనేవాడు. నేను చిన్నప్పుడు ఎంత నడిపించినా నా చూపు కాకుల దగ్గరే ఆగిపోయేది.

మా డాబాకు పడమట పెద్ద రోడ్డు, రోడ్డవతల ఒకప్పుడు మామిడి తోట. ఆ తోట పోయి ఫంక్షన్ హాలు వచ్చింది. హాలు ముఖం రోడ్డు వైపు, అంటే మా వైపు. దాని పిట్టగోడ పొడవునా బయటికి చూసే ఫోకస్ లైట్లు. నేల మీద నుంచి గోడల మీదికి, గోడలు దాటి ఆకాశం మీదికి కొట్టే లైట్లు ఇంకొన్ని. పొద్దు వాలిందో లేదో ఆ లైట్లన్నీ ఒక్కసారే కళ్ళలో పొడిచినట్టు వెలుగుతాయి. వాటి పైన, సరిగ్గా నెలవంక ఉండాల్సిన చోట, ఆకాశం పాలు ఒలికిన నేలలా తెల్లగా మారిపోతుంది.

నిరుడు ఆ సాయంత్రం అదే జరిగింది. బాపు కళ్ళు మూసుకుని తెరిచాడు. చూపు నడిపించాడు. నేను మెట్ల దగ్గర చాయ్ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉన్నాను. "అగో" అన్నాడు. అందరి తలలూ లేచాయి.

మసీదు కమిటీ అధ్యక్షుణ్ణి మేం సదర్ సాబ్ అంటాం, బాపుకు చిన్ననాటి దోస్తు. ఆయన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, "ఏడ భాయ్? నాకైతె లైట్లే కనవడ్తానయి" అన్నాడు.

"ఆ లైట్ల మీదికెల్లి జర ఎడమకు చూడు. సన్నగ ఉన్నది, తెల్ల ఎంటిక లెక్క. చూస్తాన్నవా?" బాపు వేలు చూపిస్తూనే ఉన్నాడు. అంతలో గొంతు తగ్గించి, "పోయింది. మంచుల కలిసింది" అన్నాడు.

ఇంకెవరికీ కనిపించలేదు. ఆ లైట్ల వైపు చూసీ చూసీ కొందరికి కళ్ళు నీళ్ళు కారాయి. సదర్ సాబ్ హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అక్కడ మబ్బు. ఇంకెక్కడి నుంచీ కబురు లేదు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని బాపు వైపు చూడకుండా, "ఈడ మబ్బుంటె ఒక్కరు చూసినా చాలు గని, మబ్బు లేనప్పుడు ఒక్కరి మాట మీద ఎట్ల పోతం భాయ్" అన్నాడు. కాసేపటికి మసీదు మైకులో, చంద్రుడు కనిపించలేదనీ రోజాలు ఎల్లుండి నుంచనీ చెప్పారు. మా వంటింట్లోకి ఆ మాట స్పష్టంగా వినపడింది. బాపు వింటూ కూర్చున్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. చంద్రుణ్ణి ఒక్కడే చూసి, వాడి మాట పదిమందీ ఒప్పుకోకపోతే, ఊరు ఊరంతా తింటున్నా ఆ చూసినవాడు మాత్రం మర్నాడు రోజా ఉండాలి. చూశాడు కాబట్టి వాడికి తప్పదు. బాపు ఉన్నాడు. మా వీధిలో అందరి ఇళ్ళలో పొద్దున పొయ్యి వెలిగింది, మధ్యాహ్నం వెలిగింది. బాపు నాలుక తడుపుకోకుండా మసీదుకు వెళ్ళి వచ్చాడు. నేనూ తిన్నాను. నేను చూడలేదు కదా. అన్నం ముద్ద మింగుడుపడక నీళ్ళతో తోసుకున్నాను.

చాయ్ హోటల్లో మాటలు మొదలయ్యాయి. చాచా ఫంక్షన్ హాల్ లైటును చూసి చంద్రుడన్నాడట. చాచాకు రోజా ఒకటి బోనస్ అట. పండుగ నాడు అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటూ కూడా ఆ హోటల్ మనిషి, "చాచా, వచ్చేయేడు మాకు గూడ జర బల్బు చూపెట్టు" అన్నాడు. బాపు నవ్వాడు. ఆ తర్వాత ఆ హోటల్లో కూర్చోవడం మానేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాది వేడి నోరు, మా అమ్మ ఉన్నన్నాళ్ళూ దాని మీద మూత పెడుతూ ఉండేది. ఇప్పుడు ఆమె లేదు. అయినా ఎవరితో కొట్లాడను? నవ్వేవాళ్ళతో కొట్లాడితే ఇంకా నవ్వుతారు.

అసలు కోపం రావాల్సింది ఆ లైట్ల మీద. లైట్ల సంగతి నాకు తెలుసు, నా కూడే అది. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో బయటి లైట్ల డ్రాయింగులు వేస్తాను. అపార్టుమెంట్ల దారులు, బడి ఆవరణలు, పెట్రోల్ బంకులు. నా డ్రాయింగుల మీద యజమానులు ఎప్పుడూ అనే మాట ఒకటే, "మేడం, ఇది సరిపోదు, జర ధగధగ ఉండాలె." మనవాళ్ళకు వెలుగంటే నేల కనిపించడం కాదు, బల్బు కనిపించడం. బల్బు కంట్లో గుచ్చుకుంటేనే పైసలు ముట్టినట్టు. పెళ్ళికూతురు నగల్లాగే, ఉన్నవన్నీ బయటికి కనబడాలి. లైటును కిందికి వంచి దాని నెత్తిన ఒక రేకు టోపీ పెడితే సగం కరెంటుతో రెట్టింపు బాగా కనిపిస్తుందని చెబితే, పిసినారిదాన్ని చూసినట్టు చూస్తారు.

ఈ ఏడు రంజాన్ ఇంకో నెల ఉందనగా సదర్ సాబ్ మా ఇంటికొచ్చాడు. అటుకులు, చాయ్ పెట్టాను. ఆయన మాట అటు తిప్పి ఇటు తిప్పి చివరికి, "ఈపారి డాబా మీదికి ఎందుకులే భాయ్. హైదరాబాద్‌ల ఏమంటె మనకు గదే గద. మోకాళ్ళ నొప్పులతోని అందరం ఎక్కుడు దిగుడు" అన్నాడు.

మంచిగానే అన్నాడు. బాపు ముఖం మాత్రం నల్లబడింది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "నిరుడు నేను అబద్ధమాడిన్ననుకుంటాన్నవా?" అని అడిగాడు.

"అబద్ధమని నేనన్ననా? కండ్లు భాయ్. మనకు ఏండ్లు మీద పడ్డయి. కండ్లు మోసం జేస్తయి."

"ఈ ఒక్కసారి రాండ్రి" అన్నాడు బాపు. "ఈపారి గూడ నేను చూపిచ్చింది మీకు కనవడకపోతె, ఇగ పిలువ. నిరుడు నేను చూసింది బల్బే అని నేనే చెప్త, మైకుల."

సదర్ సాబ్ సరేనని తల ఊపి లేచాడు. నేను గిన్నెలు కడుగుతున్నదాన్ని కొళాయి కట్టేశాను. బాపు ఆడిన మాట తప్పడు. కాంటా దగ్గర కొన్నవాడూ అమ్మినవాడూ ఆయన చెప్పిన తూకం మీదే లేచి వెళ్ళిపోయేవారట. అలాంటి మనిషి మైకులో తన కళ్ళు తప్పు చూశాయని చెప్పుకుంటే ఆ తర్వాత మా వీధిలో తలెత్తుకుని నడవలేడు. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. బాపు కళ్ళకు నేనేమీ చేయలేను గానీ, ఆ లైట్ల సంగతి చూడగలను.

హాలు యజమాని ఎవరో కాదు, బాపు పనిచేసిన ఆడ్తి సేటు కొడుకే. చిన్నప్పుడు దుకాణంలో మిర్చి బస్తాల మధ్య తిరుగుతూ తుమ్మేవాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. వెళ్ళిన రోజు ఆఫీసు గదిలో అతనూ మేనేజరూ ఉన్నారు. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నేను విషయం చెప్పేసరికి మజ్జిగ చల్లదనం కాస్తా పోయింది.

"చంద్రుడు కనవడుతలేడని నా హాలును చీకటి చెయ్యాల్నా అక్కా?"

"చీకటి కాదు తమ్మీ. లైట్లు కిందికి మళ్ళియ్యి అంటాన."

మేనేజరు కాగితాలు సర్దుకుంటూ, మాకు వినపడేటట్టే గొణిగాడు. "ఇయ్యాల లైట్లంటరు. రేపు బ్యాండు బంద్ చెయ్యమంటరు. ఈళ్ళకు ఒక్కటి ఒప్పుకుంటె ఆగుతదా."

ఆ "ఈళ్ళకు" అన్న మాట గదిలో అలాగే నిలబడిపోయింది. ఒక ముసలాయన నెలవంక చూడటం ఎంత చిన్న సంగతి. దాన్ని ఇంకేదో చేయడానికి ఒక్క మాట చాలు. నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది, మంచి పదునైన జవాబే. దాన్ని మింగేశాను. నా జీవితంలో నేను మింగిన పెద్ద ముద్ద అదే. అక్కడ నేను గెలిస్తే మా వీధి ఓడిపోతుందని భయమేసింది.

సేటు కొడుకు మేనేజరు వైపు చూసి, "నువ్వు జర బయటికి పో" అన్నాడు. అతను వెళ్ళాక కూడా ముఖం వదులు చేయలేదు. "చాచా అంటె మా బాపుకు పానం. గని ఇది యాపారం అక్కా. దూరం నుంచి మెరిస్తెనే హాలు బుక్కయితది."

అప్పుడు చంద్రుణ్ణి పక్కన పెట్టి అతని భాషలోకి దిగాను. పొద్దు వాలుతోంది, లైట్లు వేయించమన్నాను. కారు దిగిన చుట్టంలా రోడ్డు మీద నుంచి గేటు లోపలికి నడవమన్నాను. ఎదురుగా ఫోకస్ లైట్లు. అతను చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. గేటు దాటగానే ఒక మెట్టు ఉంది, దాని మీద తడబడి నా భుజం పట్టుకున్నాడు. తన హాలు, తన మెట్టు, అయినా కనిపించలేదు.

"ఈ మెట్టు మీద ఎవలన్న పడ్డరా?"

"ఇద్దరు ముగ్గురు పడ్డరు" అన్నాడు. "ఒక పెద్దమ్మకు చెయ్యి ఇరిగింది. హీల్స్ చెప్పులనుకున్నం."

"ఆమె అసొంటి చెప్పులు ఏసుకున్నదా?"

"లేదు" అని ఒప్పుకున్నాడు.

తర్వాత పచ్చిక మీద భోజనాల చోటుకు తీసుకెళ్ళాను. అక్కడ తెల్లటి లైట్ల కింద పురుగులు ముసురుకుని ఉన్నాయి. వానాకాలంలో ఉసిళ్ళు పప్పుచారులో పడి ఒక పెళ్ళివాళ్ళు గొడవ చేశారని అతనే చెప్పాడు. తెల్లటి వెలుగు పురుగును ఎక్కువ పిలుస్తుంది, పసుప్పచ్చటి వెలుగు తక్కువ పిలుస్తుంది. ఫోటోలలో పెళ్ళికూతురు ముఖం సున్నం కొట్టినట్టు ఎందుకు వస్తోందో కూడా చెప్పాను. అతను గడ్డం గోక్కున్నాడు. మనిషి కరుగుతున్నాడని అర్థమైంది.

నాలుగు రోజుల్లో డ్రాయింగు ఇచ్చాను. పిట్టగోడ మీది లైట్లు తీసి గోడకే, కిందికి చూసేటట్టు. ప్రతి దానికీ రేకు టోపీ, పక్క నుంచి చూస్తే బల్బు కనిపించకూడదు. నేల మీద నుంచి పైకి కొట్టేవి బంద్. మెట్టుకు ఆనుకుని మోకాలి ఎత్తులో చిన్న దీపాలు. అన్నీ పసుప్పచ్చటివే, అవసరమైనంతే. హాలు పేరు పలక మీద మాత్రం పై నుంచి పడే వెలుగు ఉంచాను, అది తీసేస్తే అతను నన్ను గేటు దాటనిచ్చేవాడు కాదు.

పని పూర్తయ్యాక సాయంత్రం మా డాబా మీద నుంచి చూశాను. హాలు గోడ తేనె రంగులో నిలబడి ఉంది. గేటూ మెట్టూ మనుషుల ముఖాలూ తెలుస్తున్నాయి. దాని పైన ఆకాశం నల్లగా, దాని మానాన అది ఉంది. పడమటి చుక్క ఒకటి నాకు కూడా కనిపించింది. సంతోషంతో కింద ఉన్న బాపును కేకేశాను. ఆయన వచ్చి నిలబడి, "మంచిగయింది బిడ్డా" అన్నాడు. చుక్క సంగతి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. సేటు కొడుకు మాత్రం రెండు రోజులకొకసారి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, దూరం నుంచి హాలు కనిపించడం లేదనీ, రంజాన్ దాకా చూసి పాతవి పెట్టిస్తాననీ.

చంద్రుణ్ణి చూసే రోజు రానే వచ్చింది. ఆ రోజు ఆ హాల్లో ఒక పెద్ద వ్యాపారుల ఇంటి రిసెప్షన్. మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూ చూస్తే, హాలు ముందు డెకరేషన్ వాళ్ళ డీసీఎం వ్యాను ఆగి ఉంది. దాంట్లో నుంచి ఫోకస్ లైట్లు దించుతున్నారు. వాటితో పాటు షార్పీలు, ఆకాశంలోకి కర్రల్లా లేచి తిరిగే కిరణాల లైట్లు. హాలు లైట్లు మార్పించాను గానీ, పెళ్ళివాళ్ళు తమ లైట్లు తామే తెచ్చుకుంటారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఇంతకాలం డ్రాయింగులు వేస్తూ ఆ మాత్రం తెలియనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

సేటు కొడుకుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్విచాఫ్. సాయంత్రం నమాజు అయింది. పెద్దమనుషులు మా మెట్లెక్కడం మొదలుపెట్టారు. నిరుటికంటే ఎక్కువ మందే వచ్చారు. పందెం మాట వీధిలో పాకినట్టుంది. పండుగ నాడు బల్బు చూపెట్టమన్న హోటల్ మనిషి కూడా వచ్చాడు. బాపు గోడ పట్టుకుని నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు తెరిచేలోపే రోడ్డవతల షార్పీలు లేచాయి. ఫోకస్ లైట్లు అన్నీ మా వైపే. మెట్లు దిగుతున్న నాకు వెనక నుంచి ఎవరో చిన్నగా నవ్వడం వినిపించింది.

లేత చంద్రుడు ఎంతోసేపు ఉండడు. సూర్యుడి వెనకే దిగిపోతాడు. రోడ్డు ఎలా దాటానో నాకు గుర్తులేదు, ఒక ఆటోవాడు తిట్టడం మాత్రం గుర్తుంది. డెకరేషన్ అతను నా మాట వినిపించుకోలేదు. "మాకు లైట్లకే ఇంత అని మాట్లాడిండ్రు. బంద్ చేస్తె పార్టీ ఒప్పుకోదు మేడం" అన్నాడు. పార్టీ ఎవరంటే స్టేజీ వైపు చూపించాడు. పెళ్ళికూతురి తండ్రి పట్టు పంచెలో చుట్టాలను పలకరిస్తున్నాడు. వెళ్ళి దండం పెట్టి, అరగంట లైట్లు ఆపమని అడిగాను. ఆయన నా ముఖం చూశాడు, నా తల మీది కొంగు చూశాడు, వాచీ చూసుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడే మందంత వస్తాన్నరు. ఎమ్మెల్యే గూడ వస్తాండు. ఈ టైమ్‌ల బంద్ అంటె ఎట్ల?"

వాదించడానికి పురుగులూ మెట్టూ అన్నీ ఉన్నాయి, కానీ అంత టైమ్ లేదు. "మా బాపు చంద్రుణ్ణి చూడాలె అన్నా" అన్నాను. అంతకంటే ఏమీ రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగినందుకు సిగ్గేసింది.

పక్కన కుర్చీలో పెళ్ళికూతురి నాయనమ్మ కూర్చుని ఉంది. బాగా పెద్దావిడ, మెడ నిండా బంగారం. అంతసేపూ వింటున్నట్టే లేదు. చేతికర్రతో కొడుకు కాలును తట్టింది.

"ఏందిరా, ఇయ్యాల నెలపొడుపా?"

"అయి ఉంటదే అమ్మా. ఈమె లైట్లు బంద్ చెయ్యమంటాంది."

"మరి చెయ్యి. నెలపొడుపు చూసి కొంగుల పోగు తీసి ఏస్తుంటిమి, కొత్త బట్టలిమ్మని. ఎన్నేండ్లాయెనో చూడక." నా వైపు తిరిగింది. "మీ బాపు చూస్తె నాకు గూడ చూపెట్టమను బిడ్డా. నన్ను జర బయటికి తీస్కపొమ్మను ఎవలనన్న."

తల్లి మాట కాదనలేక ఆయన డెకరేషన్ అతనికి చెయ్యి ఊపాడు. ముందు షార్పీలు పడిపోయాయి, తర్వాత ఫోకస్ లైట్లు. చుట్టాలు కరెంటు పోయిందనుకుని ఒక్కసారి గోలగా అరిచి, హాలు గోడ మీది పసుప్పచ్చ వెలుగు చూసి సద్దుమణిగారు. నేను వెనక్కి పరుగెత్తాను.

డాబా మీదికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. పడమర శుభ్రంగా ఉంది. అడుగున ఎరుపు, దాని మీద పచ్చటి గాజు రంగు, ఆ పైన నీలం. వెళ్ళి బాపు పక్కన నిలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. చూపు నడిపించాను. పొద్దు గూకిన చోటికి పైన, కాస్త ఎడమగా, నాకే కనిపించింది. వెల్లకిలా పడుకున్న సన్నటి వంక. నా జన్మలో మొదటిసారి బాపు చూపించకుండా నేను చూశాను.

నోరు మెదపలేదు. ముందు బాపు అనాలి.

సదర్ సాబ్‌కు కూడా కనిపించిందని ఆయన ముఖంలో తెలిసింది. ఆయన పక్కతన్ని మోచేత్తో పొడిచాడు, అతను తల ఊపాడు. ఒక్కొక్కరే చూశారు. హోటల్ మనిషి పెదాల మధ్య ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడు. చూసినవాళ్ళందరూ వేళ్ళు ఎత్తకుండా బాపు వైపు తిరిగారు. ఇంత మంచితనం వాళ్ళలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. బాపు "అగో" అంటే చాలు, నిరుటిదంతా కొట్టుకుపోతుంది.

బాపు చూస్తూనే ఉన్నాడు. ఆయన చూపు నడుస్తోంది, చంద్రుడి మీదుగానే నడిచి దాటిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటిపోయింది. అప్పుడర్థమైంది నాకు. చుక్క కనిపించిన రోజు ఎందుకు ఊరుకున్నాడో, ఈ మధ్య చాయ్ గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి ఎందుకు తడుముతున్నాడో. ఏడాదిలో ఆ కళ్ళలో పొర ముదిరింది. నేను లైట్లతో కొట్లాడుతూ, పక్కనున్న కళ్ళను చూసుకోలేదు.

ఆయన చెవి దగ్గర, "బాపూ, పొద్దుగూకిన కాడికెల్లి పైకి, జర ఎడమకు" అని గుసగుసలాడాను. అందరికీ కనిపించిందనీ, లైట్లు ఆపించిన పెళ్ళివాళ్ళ ముసలమ్మ తనకు కూడా చూపెట్టమందనీ చెప్పాను. అను బాపూ అని మనసులో బతిమాలుకున్నాను. అబద్ధం కూడా కాదు, చంద్రుడు అక్కడే ఉన్నాడు.

సదర్ సాబ్ దగ్గరికొచ్చాడు. "చెప్పు భాయ్. నీ మాట కోసమే నిలవడ్డం. చూసినవా?"

బాపు నా చెయ్యి విడిపించుకున్నాడు.

"చూడలె" అన్నాడు. "నాకు కానస్తలేదు. మీకు కనవడ్డట్టున్నది, మీ సప్పుడును బట్టి తెలుస్తనే ఉన్నది. మీరు చెప్పుండ్రి మైకుల. చూడంది చూసిన్నని నేనెట్ల చెప్త."

హోటల్ మనిషి తల దించుకున్నాడు. సదర్ సాబ్ బాపు ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. అందరి కళ్ళెదుటా ఉన్న చంద్రుణ్ణి, ఊరికే తల ఊపితే తనదయ్యే మాటను, నాకు కనిపించలేదని చెప్పిన మనిషి, నిరుడు ఎవరికీ కనిపించనిదాన్ని చూశానని ఊరికే అని ఉంటాడా? ఈ ఆలోచన ఆయన ముఖం మీద నాకు కనిపిస్తూనే ఉంది. వదిలేసిన రోజాను తర్వాత ఎప్పుడైనా ఉండి తీర్చుకోవాలని మా ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"భాయ్" అన్నాడు చివరికి. "నిరుటిది నా మీద ఒక రోజా బాకీ ఉన్నది. పండుగ అయినంక ఉంట."

"నా మీద గూడ" అన్నాడు వెనక నుంచి హోటల్ మనిషి.

బాపు గోడ తడుముకుంటూ మెట్ల వైపు రెండడుగులు వేసి, నా కోసం ఆగాడు.

"బిడ్డా, జర ఆ పెండ్లోళ్ళకు కబురు చెయ్యి" అన్నాడు. "మా పని అయింది, లైట్లు ఏసుకోమను. అంతకుముందు ఆ ముసలమ్మకు చంద్రుడు ఏడున్నడో నువ్వే పొయి చూపెట్టు."